వీపు మీది బొట్టుబిళ్ళ

గోడ వైపు తిరిగి పడుకున్న భర్త వీపు నడిమధ్యన ఎర్రటి బొట్టుబిళ్ళ ఒకటి అంటుకుని ఉంది.

భారతీదేవి కాఫీ గ్లాసు పట్టుకుని ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. హాల్లో ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. ఎండలు ముదిరాక శ్యామసుందర్ చొక్కా లేకుండా పడుకుంటున్నాడు. లేకపోతే ఆ బిళ్ళ సంగతి దేవుడికీ, దాన్ని అంటించిన మనిషికీ తప్ప మూడో ప్రాణికి తెలిసేది కాదు.

ఆ గురువారానికి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆయనకు కాఫీ ఇవ్వాలి. ఇడ్లీ పెట్టాలి. ఆయన పెద్దబజారులో చింతపండు కొట్టుకు వెళ్ళాక డాబా మీద మిరపకాయలు ఆరబోయాలి. మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు నూనె రాసుకోవాలి. మొగుడి వీపు మీద పరాయి ఆడదాని బొట్టు దొరకడం ఆ పథకంలో లేదు.

గ్లాసు కిటికీ గట్టున పెట్టి వంగింది. కుడి మోకాలు కలుక్కుమంది. పళ్ళు బిగపట్టి, గోటితో అంచు లేపి, పుండు మీది పట్టీ తీసినంత మెల్లగా బిళ్ళను లాగింది. శ్యామసుందర్ "ఊఁ" అని మూలిగాడు గానీ లేవలేదు. ఆ మూలుగులో ఉన్నది సుఖమో బాధో ఆమె తేల్చుకోలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి, పసుపు డబ్బా మూత లోపలివైపు దాన్ని అంటించి, మూత బిగించింది. సాక్ష్యం భద్రం.

ఒక సాక్ష్యం దొరికితే మిగతావి పిలవకుండానే వస్తాయి. ఇడ్లీ పాత్రలోంచి ఆవిరి లేస్తుంటే అవన్నీ వచ్చి ఆమె ముందు వరసగా నిలబడ్డాయి.

మొదటిది మంచం. పుష్యమాసంలో ఒకనాడు దిండు చంకన పెట్టుకుని ఆయన హాల్లోకి నడిచాడు. "ఏటండి" అంటే "గదిలో గాలాడట్నేదు" అన్నాడు. పుష్యమాసంలో, దుప్పటి కప్పుకుని, గాలాడకపోవడం ఏమిటని ఆమె అడగలేదు. ఆయన వివరించలేదు.

తరవాత స్కూటరు. శనివారం శనివారం ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తాముండే లంజిపల్లి నుంచి గుడిదాకా తీసుకువెళ్ళే మనిషి, దానికి గోనెపట్టా కప్పేసి ఆటోల్లో ఒంటరిగా తిరగడం మొదలుపెట్టాడు. తరవాత చొక్కాలు. పెళ్ళయిన నాటి నుంచి తలమీంచి తొడుక్కునే జుబ్బాలు తప్ప ఎరగనివాడు, ముందు గుండీలుండే వదులు చొక్కాలు కొనుక్కున్నాడు. అందులో ఒకటి గులాబీ రంగుది. తరవాత పాపిట. ఎప్పుడూ ఎడమ పక్కనుండే పాపిట ఒక శుభముహూర్తాన కుడి పక్కకు మారిపోయింది. ఆ వయసులో మగవాడు పాపిట మార్చుకున్నాడంటే చూసేవాళ్ళెవరో ఉన్నట్టే.

అన్నిటికంటే ఆమెను కోసింది భోజనం. పిల్లలు లేని ఇల్లు. రోజు మొత్తంలో నాలుగు మాటలు దొర్లేది ఆ రెండు కంచాల దగ్గరే. "నువ్వు తినీ, నాను తరవాత తింతాను" అని ఆయన అదీ మానేశాడు. ఆమె గిన్నెలు తోముకుంటుంటే గోడకేసి తిరిగి తినేవాడు. కంచంతోపాటు ఒక చెంచా కూడా తోమవలసి వస్తోందని ఆమె గమనించింది. అదో కొత్త షోకు అనుకుంది.

సాయంత్రం అయిదింటికి కొట్టుకు ఫోను చేస్తే గుమస్తా ఒకటే జవాబు. "ఎల్లిపోనారమ్మా." ఆయన ఇంటికి వచ్చేది దీపాలు పెట్టాక.

మనిషి ఎవరో తెలియడమే తక్కువ. భారతీదేవి మళ్ళీ పసుపు డబ్బా మూత తీసి బిళ్ళను వెలుగుకు పట్టింది. ఎర్ర రంగు, చుట్టూ సన్నటి బంగారు అంచు. దీన్ని ఎక్కడ చూశాను అనుకుంది. గుర్తుకొచ్చాక అక్కడే పీట మీద కూలబడింది.

అవి ఆమె పంచినవే. మార్గశిర లక్ష్మివారం పేరంటంలో, రవికగుడ్డా తాంబూలమూ పెట్టి, ప్రతి ముత్తయిదువ చేతిలోనూ ఆ బొట్టుబిళ్ళల ప్యాకెట్టు ఒకటి పెట్టింది. ఇచ్చే ముందు ప్రతి ప్యాకెట్టు మూలకూ శుభమని తన చేత్తో పసుపు రాసింది. అంటే వీధిలో ఆమె పేరంటానికి వచ్చిన ప్రతి ఆడదీ అనుమానితురాలే. హంతకుడికి కత్తి కొనిచ్చి, నూరి, పసుపు రాసి మరీ అందించినట్టయింది.

పక్కింటి కూర్మమ్మ అప్పడాలు ఒత్తి బజారుకు వేస్తుంది. వయసులో పెద్దది. పిండి చేతులతోనే వచ్చి, బిళ్ళను చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఎవులికీ సెప్పకత్తా" అంది భారతీదేవి.

"నాను సెప్తానా? నా నోట్లో నువ్వుగింజ నానదని నీకెవులు సెప్పేరు?"

"నువ్వే సెప్పేవు."

"అది ఏరే సంగతిలే. ఇది మొగుడి సంగతి." కూర్మమ్మ గొంతు తగ్గించింది. "ఒలమ్మీ, నా మాట ఇను. ఓ పేరంటం ఎట్టీ. అందర్నీ పిలు. ఎవులి నుదుట ఈ బిళ్ళుంటాదో ఆవిడే."

"చైత్రమాసంలో ఏ నోమని పిలవను?"

"ఏదో మొక్కని సెప్పు. పళ్ళూ తాంబూలం ఇస్తే ఆడోళ్ళు ఏ నోమని అడగరు, ఎన్నింటికని అడుగుతారు."

శుక్రవారం సాయంత్రం అందరూ వచ్చారు. గుమ్మంలో కాళ్ళకు పసుపు రాస్తూ ఒక్కొక్కరి నుదురే చూసింది భారతీదేవి. మొదటావిడ నుదుట ఎర్ర బిళ్ళ, బంగారు అంచు. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడా అంతే. పిలిచినావిడ ఇంటికి వస్తూ ఆవిడ ఇచ్చింది పెట్టుకోవడం మర్యాద కదా. వీధి వీధంతా మర్యాదగా నేరస్థులై వచ్చి చాప మీద కూర్చుంది.

ఒక్క ఎదురింటి సాయిపద్మ మాత్రం కుంకుమ పెట్టుకుని వచ్చింది.

కూర్మమ్మ మోచేత్తో పొడిచింది. భారతీదేవికీ అదే తోచింది. అందరి దగ్గరా ఉన్న బిళ్ళలు ఈమె దగ్గర లేవంటే, వాటిని ఈమె ఎక్కడ ఖర్చు పెట్టినట్టు?

"పద్మా, నానిచ్చిన బొట్టుబిళ్ళలేవీ?"

"ఇంటిదగ్గరున్నాయి వదినా."

"ఎన్నున్నాయి?"

గదిలో గాజుల చప్పుడు ఆగిపోయింది. సాయిపద్మ చుట్టూ చూసింది. "ఎన్నుంటే ఏటి వదినా? బొట్టుబిళ్ళలు లెక్కెట్టుకుంటామేటి?"

"ఓపాలి తెచ్చి సూపించీ."

సాయిపద్మ లేచింది. చెప్పులు సగం తొడుక్కునే రోడ్డు దాటింది. తిరిగొచ్చి భారతీదేవి ఒళ్ళో ప్యాకెట్టు పెట్టింది. కవరు విప్పనే లేదు. దాని మీద రవికగుడ్డ పెట్టింది, మడత నలగకుండా.

"నాకు బిళ్ళ ఎట్టుకుంటే దురదొస్తాది వదినా, అందుకే ఇప్పనేదు. నీవి నీకు ముట్టినాయి. అరటిపళ్ళు మాత్రం ఆవేళే తినీసినాం. అవి తేలేను."

ఇచ్చిన పసుపుకుంకాలు భారతీదేవి వెనక్కి అడుగుతోందన్న సంగతి చాప ఈ చివరి నుంచి ఆ చివరికి క్షణంలో పాకింది. శనివారం పొద్దెక్కేసరికి ఆమె అరుగు మీద ప్యాకెట్లు వచ్చి పడ్డాయి. కొన్నిటిలో సగం బిళ్ళలు, కొన్నిటిలో రెండే. రవికగుడ్డలు కుట్టించేసుకున్నవాళ్ళు కుట్టినవే పంపారు. ఒకావిడ రవికతోపాటు దర్జీ చీటీ కూడా పెట్టింది.

కూర్మమ్మ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. బొట్టు రహస్యం ఎవరికీ చెప్పలేదు. దాన్ని కాపాడటానికి వేరే కథ అల్లింది. శ్యామసుందర్‌కి పెద్ద గండం ఉందనీ, పంచిన పసుపుకుంకాలు తిరిగి ఇంటికి చేరితే గానీ అది తప్పదని ఖల్లికోట జ్యోతిష్కుడు చెప్పాడనీ చెప్పింది. ఆ కథ నిజం కన్నా జోరుగా నడిచింది. మధ్యాహ్నానికి పెద్దబజారు చేరింది.

శ్యామసుందర్ ఆ పూట భోజనాల వేళకే ఇంటికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో మిఠాయి పెట్టె. ఛెనాపోడ, పాలవిరుగుడు కాల్చి చేసే మిఠాయి. ఆమెకు ఇష్టమని పెళ్ళయిన కొత్తలో తెచ్చేవాడు.

"నీకెవులైనా ఏటైనా సెప్పేరా?" అన్నాడు.

"దేని గురించి?"

"నా గురించి."

"సెప్పడానికి ఏటైనా ఉందేటి?"

"ఏటీ నేదు."

ఆయన పెట్టె ముందుకు చాపాడు. ఎడమ చేత్తో. భారతీదేవి ఆ చేతినే చూసింది. కొట్టు గుమ్మంలో బిచ్చగాడికైనా కుడి చేత్తో ఇచ్చే మనిషి, భార్యకు మిఠాయి ఎడమ చేత్తో ఇస్తున్నాడు. పెట్టె అందుకుని లోపల పెట్టింది. ఇద్దరూ దాని మూత తీయలేదు. ఆదివారానికి చీమలు పట్టాయి.

ఆ రెండు రోజులూ వీధిలో ఒక్క తలుపూ ఆమె కోసం తెరుచుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్తే బిందెలు పక్కకు జరిగేవి. సాయిపద్మ వాకిట్లో ముగ్గేసి, తల ఎత్తకుండా లోపలికి పోయేది. కూర్మమ్మ కూడా గోడమీంచి అప్పడాల పళ్ళెం అందించి, "పనుందమ్మీ" అని వెళ్ళిపోయింది. హాల్లో ఆయన, గదిలో ఆమె. మధ్యలో ఫ్యాను ఒక్కటే మాట్లాడేది. భారతీదేవికి అనిపించింది. మొగుణ్ణి పట్టుకుందామని వల వేస్తే, వీధి మొత్తం అందులోంచి జారిపోయి ఆమె ఒక్కతే మిగిలింది.

సోమవారం సాయంత్రం కొట్టుకు ఎదురుగా ఆటోలో కొంగు ముసుగేసుకుని కూర్చుంది. అయిదు కాగానే గులాబీ చొక్కా బయటకు వచ్చి వేరే ఆటో ఎక్కింది.

"దాని ఎనకాల పోనీ" అంది.

డ్రైవరు అద్దంలో ఆమెను చూశాడు. అతని జీవితంలో ఇలాంటి మాట ఎవరూ అని ఉండరు. వెన్ను నిటారుగా చేసుకుని, హారను మీద చెయ్యి వేసి, సందులూ గొందులూ లెక్కచేయకుండా తోలాడు. అంకులి మలుపు దగ్గర ముందు ఆటోను దాటేశాడు కూడా.

"మావుసీ, కొట్టీసినాం" అన్నాడు గర్వంగా.

"కొట్టమన్నానా? ఎనకాల పొమ్మన్నాను" అంది ఆమె సీటు కిందికి వంగి. మోకాలు ముందు సీటుకు కొట్టుకుంది. గులాబీ చొక్కా పక్కనుంచి సాగిపోయి, ఒక మేడ కింది వాటా ముందు దిగింది. ఒడియావాళ్ళ ఊరు కాబట్టి బోర్డు ఒడియాలో ఉంది. భారతీదేవి ఒడియా గడగడా మాట్లాడుతుంది గానీ, సరిహద్దు పల్లెలో తెలుగు బడిలో చదివినది కాబట్టి చదవలేదు.

కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. లోపల ఒక బల్ల. దాని మీద చొక్కా విప్పి కూర్చున్న శ్యామసుందర్. పక్కన ముప్పై దాటని అమ్మాయి. ఆ అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పుతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తరవాత ఆ పిల్ల ఒక ప్యాకెట్టులోంచి బొట్టుబిళ్ళ తీసి, ఆయన వీపు మీద వేలితో నొక్కి అంటించింది.

భారతీదేవిని చంపింది ఆ బిళ్ళ కాదు. ఆయన మాట్లాడుతున్నాడు. చింతపండు గురించి, ఈ ఏటి సరుకులో గింజ ఎక్కువని, కొట్టు ముందు ఆవు ఒకటి వచ్చి రోజూ అదే వేళకు నిలబడుతుందని ఆపకుండా చెబుతున్నాడు. మధ్యలో నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. ఒకప్పుడు రెండు కంచాల మధ్య ఉండేది.

ఆమె ఆటోలో ఇంటికి వచ్చింది. డ్రైవరు ఈసారి హారను కొట్టకుండా తోలాడు.

మంగళవారం పొద్దున్న, ఆయన కొట్టుకు వెళ్ళాక, తేల్చుకుందామని ఒక్కతే బయలుదేరింది. నా మొగుణ్ణి ఒదిలీ అనాలి. ఒక్క మాట. దారి పొడుగునా నోట్లో నూరుకుంటూ వెళ్ళింది. లోపల అడుగు పెట్టేసరికి గోడ మీద చర్మం ఒలిచిన మనిషి బొమ్మ వేలాడుతోంది. ప్లాస్టిక్ వెన్నెముక ఒకటి మేకుకు ఊగుతోంది. ఆస్పత్రే. అయితే మాత్రం? ఆస్పత్రికి వెళ్ళేవాడు పెళ్ళాం దగ్గర దాచడం దేనికి?

"రండి ఆంటీ, కూర్చోండి. నా పేరు మాధవి" అంది ఆ అమ్మాయి. "సెప్పండి. ఏటి కష్టం?"

ఆ ప్రశ్నకు ఆమె సిద్ధపడి రాలేదు. ఈ మధ్య ఎవరూ అడగని ప్రశ్న. నూరుకున్న మాట నోట్లోనే కరిగిపోయింది.

"భుజం" అంది, నిన్న కిటికీలోంచి చూసింది గుర్తొచ్చి.

"పేరు?"

"పుణ్యవతి." అది ఆమె అమ్మమ్మ పేరు.

మాధవి కుర్చీ దగ్గరకు లాక్కుంది. "రాత్రుళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోగలరా?"

"తిరగలేను."

"ఈ నొప్పి రాత్రే ఎక్కువ ఆంటీ. పక్కన ఎవరైనా పడుకుంటే, నిద్రలో వాళ్ళ చెయ్యి తగిల్తే ప్రాణం పోయినట్టుంటాది. చాలామంది ఏరే మంచం మీదికి ఎల్లిపోతారు. మీరూ అంతేనా?"

భారతీదేవికి హాల్లో మంచం కళ్ళముందు కదిలింది.

"బండి నడిపేవాళ్ళయితే హేండిలు పట్టలేరు. మీరు నడపరనుకోండి. బట్టలు తలమీంచి తొడుక్కోగలరా, ముందు గుండీలుంటేనేనా?"

"గుండీలుంటేనే" అంది. గులాబీ రంగు, అనబోయి ఆగింది.

"దువ్వుకోడం? ఆ చెయ్యి తల మీదికి పోదు కదా, రెండో చేత్తో దువ్వుకుంటారు. పాపిట అటుది ఇటైపోతాది." మాధవి నవ్వింది. "అన్నం ముద్ద నోటిదాకా వస్తందా? కొందరు ఎడం చేత్తో చెంచా ఎట్టుకుని తింటారు. సిగ్గు కదా, ఎవరూ సూడకుండా గోడకేసి తిరిగి."

మంచం, స్కూటరు, చొక్కాలు, పాపిట, చెంచా. ఎడమ చేత్తో చాపిన మిఠాయి పెట్టె. ఇన్నాళ్ళూ ఆమె పోగేసుకున్న సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే లేచి, ఆ అమ్మాయి పక్కకు వెళ్ళి నిలబడ్డాయి. భారతీదేవి తల దించుకుంది.

"సరే, చెయ్యి లేపండి."

లేపింది. నిట్టనిలువుగా, జెండాకర్రలా పైకి పోయింది. మాధవి తానే పట్టుకుని వెనక్కి, పక్కకు, లోపలికి తిప్పి చూసింది. ఎక్కడా అడ్డం లేదు. చెయ్యి ఒళ్ళో పెట్టేసి ఆమె ముఖంలోకి చూసింది.

"ఆంటీ, మీ నోరు ఒకటి సెప్తంది, చెయ్యి ఇంకోటి సెప్తంది. భుజం బిగుసుకుపోయినోళ్ళది వాళ్ళు లేపితేనే కాదు, నేను లేపినా లేవదు. అదే గుర్తు. మీది ఆకాశానికి ఎల్లిపోయింది. ఈ నొప్పి ఎవరిది?"

"మా ఇంటాయనది."

"ఆయన్నే తీసుకురండి మరి."

"వస్తారు" అంది భారతీదేవి. లేవబోయింది. చెయ్యి కుర్చీ మీద ఊని, రెండో చెయ్యి గోడ మీద వేసి, ఊపిరి బిగించి.

"ఆగండి" అంది మాధవి. "ఇప్పుడు మీది సెప్పండి."

"నాకేటీ నేదు."

"మనిషి గుమ్మంలోంచి కుర్చీదాకా వచ్చేలోపే మేం సగం సూసేస్తాం ఆంటీ. మీరు గోడ పట్టుకుని వచ్చేరు. కుడికాలు ముందు ఎయ్యట్నేదు. ఎన్నాళ్ళ నుంచి?"

భారతీదేవి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "పోయినేడు నుంచి" అంది. "ఎవులూ అడగనేదు."

మాధవి ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. మోకాలి చిప్ప మీద అరచెయ్యి ఆనించి, కాలు మడిచి చాపించింది. లోపల ఇసుక నలిగినట్టు చప్పుడయింది. తొడ కండ ఎడమదానికన్నా కుడిది సన్నబడిందని చూపించింది. "నొప్పని కాలు దాచుకున్నారు, దాచుకున్నకొద్దీ కండ కరిగింది, కండ కరిగినకొద్దీ నొప్పి" అంది. తరవాత కాలు ఎలా మడుస్తోందో ఫొటో తీయాలని, సొరుగులోంచి ఒక ప్యాకెట్టు తీసింది.

"కీళ్ళు, ఎముకలు ఎక్కడున్నాయో ఫొటోలో తెలవడానికి గుర్తులు అంటిస్తాం. నా దగ్గర అయిపోతే ఒక పేషెంటు ఇంటినుంచి తెచ్చిచ్చేరు. పైడయ్య గారని, మంచాయన. చింతపండు యాపారం. మాటలు మొదలెడితే ఆగరు. ఇంట్లో మాటాడ్డానికి ఎవరూ లేరేమో పాపం."

తుంటి మీద ఒక బిళ్ళ, మోకాలి పక్కన ఒకటి, చీలమండ ఎముక మీద ఒకటి. ఎర్ర రంగు, బంగారు అంచు. భారతీదేవి ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది. మూలన పసుపు మరక ఉంది. ఆమె వేలి ముద్ర. మార్గశిరంలో పంచగా మిగిలినది ఒకటి బీరువా మీద డబ్బాలో పెట్టింది. వీధిలో ప్రతి ఇంటినీ అనుమానించింది. అనుమానించని ఇల్లు ఒక్కటే మిగిలింది.

"పైడయ్య గారు మీకు తెలుసా?" అంది మాధవి, ఆమె ముఖం చూసి.

"తెలీదు" అంది భారతీదేవి. "ఈమధ్య బొత్తిగా తెలీదు."

ఆ సాయంత్రం శ్యామసుందర్ దీపాలు పెట్టాక వచ్చాడు. కింద కూర్చోవద్దని మాధవి చెప్పింది కాబట్టి, ఆమె కుర్చీలో కూర్చుని, కాళ్ళు పీట మీద పెట్టుకుని వంకాయలు తరుగుతోంది. ఆయన చెప్పులు విప్పుతూ వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

ఆమె కుడి చీలమండ ఎముక మీద, గజ్జె పెట్టుకునే చోట, ఎర్రటి బొట్టుబిళ్ళ ఒకటి అంటుకుని ఉంది. బంగారు అంచు. మాధవి తీయడం మరిచిపోయినది.

శ్యామసుందర్ వచ్చి హాల్లో మంచం అంచున కూర్చున్నాడు. ఫ్యాను కిర్రు కిర్రుమంది. ఆమె తరగడం ఆపలేదు.

"సెప్పీస్తాను" అన్నాడు. "మధ్యలో ఏటీ అడక్కు. ఆగితే మళ్ళీ సెప్పలేను."

ఆమె కత్తి పక్కన పెట్టింది.

"పుష్యంలో చింతపండు బస్తా జారుతుంటే పట్టుకున్నాను. భుజం కలుక్కుమంది. పోతాదిలే అనుకున్నాను, పోనేదు. రాయైపోయింది. నీ పక్కన పడుకుంటే నిద్దట్లో నీ సెయ్యి తగిలీది, కేకొచ్చీసీది. అందుకే దిండట్టుకుని ఇక్కడికొచ్చేను. నీకు సెప్పొచ్చు. కానీ పోయినేడు నువ్వు మోకాలు సూపించుకుంతానంటే ఏటన్నానో నీకు గుర్తుందో నేదో. నాకుంది. పేరంటాళ్ళందరి ముందర అన్నాను. అది మోకాలు కాదు, బద్ధకం అన్నాను. డబ్బులిచ్చి కాళ్ళు పిసికించుకుంటాదట అన్నాను. అందరూ నవ్వేరు. నువ్వూ నవ్వేవు. ఆవేళ నుంచి నువ్వు మోకాలు మాటెత్తనేదు. అలాంటోణ్ణి, నాకు భుజం అని నీ దగ్గరికి ఏ మొకం ఎట్టుకుని రాను?"

ఆయన ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకున్నాడు.

"ఆ డాక్టరమ్మ సెయ్యి మెలిపెడితే కళ్ళంట నీళ్ళొస్తాయి. అయినా రోజూ ఎల్లాలనిపించీది. ఏటంటే, నిన్న రాత్రి నిద్రట్టిందా అని అడిగీది. ఇక్కడ తెల్లార్లూ ఈ ఫేను కిర్రుమంటాది. దానికే జవాబు సెప్పీవోణ్ణి. బొట్టుబిళ్ళలు బీరువా మీద డబ్బాలోవి, నానే తీసేను. నువ్వు వీధంతా పేకెట్లు ఎనక్కడుగుతుంటే, ఒకటి తక్కువొచ్చిందని దొరికిపోనాననుకున్నాను. తరవాత నాకు గండమని బజారంతా వచ్చి కావలించుకున్నారు. అందరూ కుడి భుజమే పట్టుకున్నారు. డాక్టరమ్మ నాకు సెప్పకుండా నీకేటో సెప్పీసిందనుకున్నాను. పోతే పోతాను, పోయే ముందర నీకో ఛెనాపోడ తెద్దామని తెచ్చేను. అదీ ఎడం సేత్తో ఇచ్చేను. నీ మొకం సూసేను."

"చీమలు తినీసినాయి" అంది భారతీదేవి.

"ఇంకొకటుంది. బజార్లో ఎవులికీ తెలకూడదని అక్కడ పేరు మార్చి సెప్పేను. అక్కడ నాను పైడయ్యని."

ఆమె వంగి చీలమండ మీది బిళ్ళను గోటితో లేపి, లేచి, గోడ పట్టుకోకుండా నాలుగడుగులు నడిచి, ఆయన పక్కన మంచం మీద కూర్చుంది. కుడి పక్కన.

"నాను పుణ్యవతిని" అంది.

శ్యామసుందర్ ఫ్యాను కేసి చూశాడు.

"అయితే రేపట్నుంచి ఒకటే ఆటో మాటాడతాను" అన్నాడు. "నువ్వు మాత్రం ఎడం పక్కన కూకో, పుణ్యవతీ."